దెబ్బ తగిలినవాడి నవ్వు

ఆ రోజుల్లో మా బొగ్గు గనుల ఊరు మందమర్రి మొత్తంలో నన్ను మించిన చిత్రకారిణి లేదని నా గట్టి నమ్మకం. (మా కాలనీలో ఇంకెవరూ బొమ్మలు గీయకపోవడం వేరే సంగతి.) నోటి కొసలు పైకి తిప్పితే సంతోషం, కిందికి తిప్పితే దుఃఖం, కనుబొమలు కలిపితే కోపం. మనిషి మనసులో ఇంతకు మించి ఏముంటుందని నా ధీమా. గని రక్షణ వారోత్సవాలకు కార్మికుల పిల్లలకు బొమ్మల పోటీ పెట్టినప్పుడు, గనిలోకి దిగే మా బాపు తీర్పు చెప్పేశాడు: "ప్రైజొస్తె బొమ్మల కాలేజి, రాకుంటె నర్సింగ్. మళ్ల ఏడ్వద్దు." నాకేమో రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి.

హెల్మెట్ పెట్టుకుని నవ్వే కార్మికుణ్ణి, పెట్టుకోక తలకు కట్టుతో ఏడ్చేవాణ్ణి గీశాను. బాపు చూసి, "దెబ్బ తాకినోడు గింత ఖుషీగున్నడేంది? ఛుట్టీ దొరికిందా?" అన్నాడు. మా అవ్వ (అమ్మను మేం అలాగే పిలుస్తాం) ఊరుకుంటుందా? "హెల్మెట్ పెట్టుకున్నోన్ని సూడు, పాపం, కడుపునొప్పి లేసినట్టున్నది."

మర్నాడు బాపు డ్యూటీలో ఉండగా గని సైరన్ వేళ కాని వేళ, ప్రమాదం జరిగినప్పటిలా మోగింది. బియ్యం చెరుగుతున్న అవ్వ చేట పట్టుకునే వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఏడవలేదు, అరవలేదు. నోటి కొసలు ఎటూ తిరగలేదు. నాకూ భయమేసింది, అయినా చెయ్యి పెన్సిల్ వెతుక్కుంది. (తల్లి పరేషాన్‌లో ఉంటే బొమ్మ గీసే బిడ్డను కళాకారిణి అంటారట. మా ఇంట్లో వేరే మాట అనేవారు.) తీరా చూస్తే, సైరన్ బాగుచేసి మోగించి చూశారట! సాయంత్రం బాపు రాగానే, "వచ్చినవా? కాళ్లు కడుక్కో," అంది అవ్వ, ఏమీ జరగనట్టు.

పోటీకి ఆ ముఖాన్నే పంపాను. "ఇందులో హెల్మెట్ ఏదమ్మా?" అని అడిగి పెద్దలు తిప్పి పంపారు. మొదటి బహుమతి పొందిన బొమ్మలో మనుషులతో పాటు బొగ్గు మోసే టబ్బు బండి కూడా నవ్వుతోంది. నర్సింగ్ ఖాయమని నేను ముక్కు చీదుకుంటుంటే, బాపు నా బొమ్మను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"గిట్లుంటదా నీ మొకం?" అని అవ్వను అడిగాడు.

"నీకెట్ల ఎర్క? నువ్వప్పుడు కిందుంటవ్ గదా."

బాపు అన్నం తిని లేచేటప్పుడు, "బొమ్మల కాలేజికే పో బిడ్డా," అన్నాడు.

ఇప్పుడు పిల్లల పుస్తకాలకు ఏడుపులూ నవ్వులూ అడిగినన్ని గీసిస్తున్నాను. ఆ ముఖం మాత్రం మళ్లీ కుదరలేదు. బాపు రిటైరయ్యాక అవ్వ ఆ ముఖం పెట్టడమే మానేసింది. అంత గొప్ప మోడల్‌ను పోగొట్టుకుని ఇంత సంతోషపడ్డ చిత్రకారిణి ఇంకెక్కడైనా ఉందో లేదో!