కీర్తన చదివి చేసిన లైను పరీక్ష

1998 జూన్‌లో ఆత్మకూరులోని ఒక ధర్మాసుపత్రిలో సిస్టమ్స్ అసిస్టెంటుగా చేరాను. హోదాలో గుమాస్తాకు పైన, మేనేజరుకు కింద. నేను బడికి పోయి చదువుకోలేదు. నాయన ఇంట్లోనే అక్షరాలు దిద్దించారు, పరీక్షలకు ప్రైవేటుగా కట్టించారు. కంప్యూటరు కూడా పుస్తకాలు ముందేసుకుని ఇంట్లోనే నేర్చుకున్నాను. ఆ చదువును నమ్మి ఉద్యోగమిచ్చినవారి మేలు మరిచిపోలేదు.

మా ఆసుపత్రికి ఉదయగిరిలో ఒక శాఖ ఉండేది. అక్కడ డాక్టరు లేరు, నర్సు మార్తక్క ఒక్కతే. డాక్టరమ్మ ఆత్మకూరులో ఉండి, స్కాన్ చేసి మోడెంతో టెలిఫోన్ లైను మీద పంపే రోగుల చీటీలను తెరమీద చూసి మందు చెప్పాలి. ఉదయగిరిలో ఉన్నది ఒకే టెలిఫోన్ లైను. చీటీలు నడుస్తుంటే మాట్లాడటానికి వీల్లేదు, లైను వదిలితే మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. టైపు చేసుకుందామంటే ఇద్దరికీ కీబోర్డు అలవాటు లేదు. అందుకని ఆ లైను మీదే చీటీలతోపాటు గొంతు కూడా పంపే సాఫ్ట్‌వేర్‌ను ఎంపిక చేయమని నాకు అప్పగించారు.

మా యంత్రాలు పాతవి. వాటిమీద యూనిక్స్ తరహాలో నడిచే లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం పెట్టుకున్నాం. ఇంటర్నెట్‌లో మాట్లాడుకోవడానికి తయారైన మూడు ప్రోగ్రాములు కంప్యూటరు పత్రికలతో వచ్చే సీడీల్లో దొరికాయి. అవి రాసిన కోడుగానే, సోర్సు రూపంలో వస్తాయి, మన యంత్రం మీదే కంపైల్ చేసి నడిచేలా చేసుకోవాలి. ఒకటి ఎంతకూ కంపైల్ కాలేదు. రెండోదాంట్లో టెలిఫోన్‌లాగే ఇద్దరూ ఒకేసారి మాట్లాడవచ్చు, గొంతు మెత్తగా వస్తుంది. మూడోదాంట్లో మీట నొక్కి ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలి, గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. ఒక సెట్టింగు మార్చిన ప్రతిసారీ ఆత్మకూరు నుంచి ఉదయగిరికి బస్సు. రెండు నెలలు అలాగే తిరిగాను. నడుము పడిపోయింది.

పరీక్ష రోజు నేను ఉదయగిరిలో కూర్చుని, డాక్టరమ్మను ఆత్మకూరు నుంచి ఏదైనా చదవమన్నాను. మేము రోజూ ప్రార్థనలో చెప్పుకునే బైబిలు కీర్తన చదివారు. రెండో ప్రోగ్రాములో ప్రతి మాటా స్పష్టంగా వినబడిందని మార్తక్క చెప్పింది. నాకూ వినబడింది. జీపు డ్రైవరు మస్తాన్ హెడ్‌ఫోన్ చెవికి పెట్టుకుని మొహం చిట్లించాడు.

“ఏందక్కా ఇది, దుప్పటి కప్పుకోని మాట్లాడినట్టుండాది. నాకొక్క ముక్క అర్థం కాలా.”

“నీకు హారన్ తప్ప ఇంకేం వినబడతాదిరా!” అని మార్తక్క నవ్వింది. నేనూ నవ్వాను. రెండో ప్రోగ్రామును సిఫారసు చేస్తూ సంతకం పెట్టాను.

ఆ ప్రోగ్రాము పెట్టిన మూడో వారంలో సీతారామపురం నుంచి నాలుగేళ్ళ పిల్లను ఆయాసంతో తీసుకొచ్చారు. ఆ రోజు నేను ఉదయగిరిలోనే ఉన్నాను. పిల్ల బరువును బట్టి సూదిమందు ఎంత ఎక్కించాలో మార్తక్క అడిగింది. డాక్టరమ్మ చెప్పారు. మళ్ళీ చెప్పారు. “టైపు చేసి పంపండమ్మా” అని నేను అరిచాను. అదీ అటు అందలేదు. తల్లి మా మొహాలు చూస్తోంది.

మార్తక్క మైకు దగ్గరికి వంగింది. “అమ్మా, మీ గొంతు వినబడతాండాది, మాట వినబడలా. అంకె తెలీకుండా నేను సూది వెయ్యను.”

మోడెం కట్ చేసి ఫోను తిప్పాను, లైను కలవలేదు. మార్తక్క ఆక్సిజన్ సిలిండరు జీపులో ఎక్కించి, తల్లీబిడ్డలతో తానూ కూర్చుంది. మస్తాన్ ఆత్మకూరుకు తోలాడు. దేవుని దయవల్ల పిల్ల బతికింది.

మర్నాడు డాక్టరమ్మ నన్ను ఒకే ప్రశ్న అడిగారు. “కరుణా, పరీక్ష రోజు నాచేత ఏం చదివించినావు?”

చెప్పాను.

“అది మార్తకు నేను నోరు తెరవకపోయినా వినబడతాది గదమ్మా” అన్నారు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

మళ్ళీ మొదలుపెట్టాను. మందుల పేర్లు, బరువులు, మోతాదులు కలగాపులగంగా రాసి, అటునుంచి చదివించి, ఇటు మస్తాన్ చేత కాగితం మీద రాయించాను. రెండో ప్రోగ్రాములో సగం కూడా రాయలేకపోయాడు. రేకు డబ్బా గొంతుదాంట్లో మూడు తప్ప అన్నీ రాశాడు. “ముందే చెప్తిని గదక్కా, నవ్వితిరి” అన్నాడు. మీట నొక్కి మాట్లాడే ప్రోగ్రామునే పెట్టాం. విన్నవాళ్ళు తిరిగి చెప్పి, అటువాళ్ళు అవునన్నాకే మందు ఇవ్వాలని నియమం కూడా రాశాను.

తెలిసిన మాటను చెవి వినదు, మనసు పూరించుకుంటుంది. లైను మంచిదో కాదో ఆ మాటతో తేలదు. నా పరీక్షలోని తప్పు పిల్ల దాకా పోకుండా ఆపింది సాఫ్ట్‌వేర్ కాదు, వినబడలేదని చెప్పగలిగిన నర్సు. ఆమెకు నేను రుణపడి ఉన్నాను. ఆ తర్వాత ఉద్యోగం ముగిసేదాకా నేను తయారుచేసిన ప్రతి పరీక్ష పత్రంలోనూ వినేవారి పేరు పక్కన ఒక గడి గీశాను: ఈ మాటలు వీరికి ముందే తెలుసా?