దుప్పట్ల మీద ఎర్ర వాన

మా మేనత్తకు సంజాయిషీ మెమో టైపు చేసింది నేనే. ముందే ఒప్పుకుంటే ఒక పని అయిపోతుంది. ఆస్పత్రి ఆఫీసులో నా ఉద్యోగం అలాంటిది. సూపరింటెండెంటు గారు చెబుతారు, నేను కొడతాను. ఎవరి మీద చెబుతున్నారో చూసుకుని కొట్టే హక్కు నాకు లేదు. "రక్తపు మరకలు ఉతకకుండానే పక్కదుప్పట్లు ఆరవేసినందుకు మిమ్మల్ని లాండ్రీ బాధ్యతల నుంచి ఎందుకు తప్పించకూడదో ఏడు రోజుల్లోగా తెలుపవలెను" అని కొట్టి, సంతకం చేయించి, మెట్లు దిగి వెళ్లి అత్తయ్య చేతికిచ్చాను. ఆవిడ తడిచేతులు కోటుకు తుడుచుకుని కాగితం అందుకుంది. చదువుతున్నంతసేపూ నేను బట్టలు పిండే యంత్రం వైపు చూస్తూ నిలబడ్డాను.

అత్తయ్యను ఆస్పత్రిలో అందరూ మరకలమ్మ అంటారు. ఎదురుగానే అంటారు, ఆవిడ పలుకుతుంది కూడా. ముప్ఫై ఒక్క ఏళ్లుగా నేలమాళిగలోని లాండ్రీ ఆవిడదే. మరక కనిపిస్తే చాలు, దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పేస్తుంది. రక్తమైతే ముందు చన్నీళ్లు. పొరపాటున వేడినీళ్లు పోశారా, గుడ్డ చిరిగినా ఆ మరక వదలదు. తుప్పయితే నిమ్మ ఉప్పు. దాని మీద బ్లీచ్ పోస్తే పోదు సరికదా, ఇంకా ముదురుతుంది. ఆకుపసరు, పండ్లరసం, చెట్టుకీ చేమకీ సంబంధించిన రంగు ఏదైనా సరే, వేడినీళ్లలో బ్లీచ్ కలిపి నానబెడితే తెల్లబడాల్సిందే. ఇంట్లోనూ ఇదే గోల. మా మామయ్య బతికున్నన్నాళ్లూ కాఫీ వంటగదిలో గోడకానుకుని నిలబడే తాగాడు. కూర్చుని తాగితే చొక్కా మీద పడుతుందని భయం, పడితే ఆవిడ చొక్కా విప్పేదాకా ఊరుకోదని అంతకన్నా భయం. అలాంటి మనిషిని పట్టుకుని రక్తం ఉతకలేదంటారా? నాకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.

జరిగింది ఇది. రెండు వారాలు ఎడతెరిపి లేకుండా ముసురు పట్టి, ఆ రోజు పొద్దున ఎండ కాసింది. మంచానికి మూడు దుప్పట్లు ఉండాలని రూలు. ఒకటి మంచం మీద, ఒకటి ఉతుకులో, ఒకటి బీరువాలో. చిరిగినవి చిరిగిపోగా, కొత్తవి రాకపోగా, రెండే మిగిలాయి. అందుకని ఎండ కనిపించగానే అత్తయ్య పోగుపడ్డ దుప్పట్లన్నీ మేడమీద తీగలకు వేయించి కిందికి దిగింది. పది గంటల ప్రాంతంలో పావుగంట వాన పడింది. నేలమాళిగలో యంత్రాల మోతకి ఎవరికీ వినబడలేదు. సరిగ్గా వాన ఆగేసరికి తనిఖీ అధికార్ల కారు గేటులోకి వచ్చింది. అందులో ఒకాయన తల పైకెత్తి చూశాడు. తెల్ల దుప్పట్ల మీద ఎర్రెర్రటి చారలు, మరకలు. ఫోన్ తీసి ఫొటో కొట్టాడు.

ఆ ఫొటో సంగతి అత్తయ్యకు తెలియదు. దుప్పట్లు తిరగేయడానికి పైకి వెళ్లి చూసి గుండె బాదుకుంది. ఇక్కడే ఆవిడ తప్పు చేసింది. ఇంకెవరైనా అయితే నలుగుర్ని పిలిచేవాళ్లు, వింత చూపించేవాళ్లు, కనీసం ముక్కున వేలేసుకునేవాళ్లు. ఆవిడ పిలిచింది తన కింద పనిచేసే ఆడవాళ్లను. వాసన చూసింది, రక్తం కాదు. ఒక మూల చన్నీళ్లలో ముంచింది, కదల్లేదు. వేడినీళ్లు పోసింది, నల్లబడలేదు. బ్లీచ్ చుక్క వేసి ఆగింది, రంగు విరగడం మొదలైంది. అంతే, యాభై ఎనిమిది దుప్పట్లూ తొట్టిలోకి. ఆ ఫొటో చూసిన సూపరింటెండెంటు గారు పైకి మనిషిని పంపేసరికి అన్నీ మల్లెపువ్వుల్లా ఉన్నాయి.

"మరకలేవి?" అన్నారు సూపరింటెండెంటు గారు, అత్తయ్యను తన గదికి పిలిపించి.

"తీసేశానండి. ఎర్ర వాన పడింది."

"వానే ఎర్రగా పడిందంటున్నావు. నిజమైతే అంత ఆదరాబాదరాగా ఎందుకు ఉతికావు? ఆధారం మాయం చేయడానికే కదా?"

అత్తయ్యకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "మరకపడితే ఉతక్క ఏం చేస్తారండీ?" అంది.

వాన పడింది కానీ దాని రంగు చూసినవాడు లేడు. ఆవరణంతా ఎర్రమట్టి, గుంటల్లో నీళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. గేటు దగ్గర వాచ్‌మన్‌ను అడిగితే, "నా గొడుగు నల్లది కదమ్మా, దానిమీద ఏ రంగు పడితే ఏం తెలుస్తుంది?" అన్నాడు. అత్తయ్య పొద్దున్న చెప్పిందే మళ్లీ చెప్పింది. రక్తం కాదు, ఎందుకంటే వేడినీళ్లకు ముదరలేదు. తుప్పూ కాదు, ఎందుకంటే బ్లీచ్‌కు పోయింది. తుప్పు మాట వినగానే పైపులు చూసే ఇంజనీరు గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు పరుగెత్తుకొచ్చాడు. "మా ట్యాంకులో తుప్పు లేదు సార్, కావాలంటే రాసిస్తాను" అని ఎవరూ అడక్కుండానే రాసిచ్చాడు. తుప్పు కాదని రుజువైంది కాబట్టి ఇక రక్తమేనని సూపరింటెండెంటు గారు తేల్చేశారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. సాయంత్రానికి మెమో.

మూడో రోజుకు ఊళ్లో గుప్పుమంది. మార్కెట్ వెనక రెండు వీధుల్లో కూడా అదే రోజు ఎర్ర వాన పడిందట. ఎవరో సీసాల్లో పట్టి పెట్టారట. రంగుల ఫ్యాక్టరీ పొగ అని ఒకరు, ఊరికి అరిష్టమని ఒకరు, ఆకాశంలో గబ్బిలాల గుంపు దెబ్బలాడుకుందని ఇంకొకరు. ఆ సీసాల్లో నీళ్లను కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే మేడం పరీక్షిస్తోందని తెలిసి, నేను సెలవు పెట్టి అత్తయ్యను లాక్కెళ్లాను. ఆవిడ రానంది. "నేను ఉతికానే, దాచలేదు. ఇంకొకావిడ దగ్గరికెళ్లి నన్ను నమ్మమని అడుక్కోవాలా?" అంది. దారి పొడుగునా అదే మాట.

మేడం మంచి మనిషి. గాజు పలక మీద చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూడమంది. అత్తయ్య కళ్లజోడు తీసి, పెట్టుకుని, మళ్లీ తీసి చూసింది.

"గుండ్రంగా ఉన్నాయి. అంచు మందంగా ఉంది. లోపల ఎరుపు," అంది.

"అవేనండి. దుమ్మయితే అంచులు విరిగిన ముక్కల్లా ఉంటుంది. ఇవి జీవకణాలు. ఒక రకం నాచు బీజాలు," అంది మేడం. కిటికీలోంచి చెట్టు బెరడు మీద అతుక్కున్న బూడిదరంగు పెచ్చులు చూపించింది. నాచూ బూజూ కలిసి కాపురం చేస్తే అలా పెచ్చులు కడతాయట. రెండు వారాల ముసురుకి అవి తెగ పెరిగి, ఒక్కసారిగా బీజాలు వదిలాయట. గాలి వాటిని పైకెత్తుకుపోయింది, వాన కిందికి దింపింది. "నాచంటే పచ్చగా ఉండాలి కదా?" అని నేను అడిగితే, ఈ రకంలో పచ్చదనాన్ని కప్పేసేంత ఎర్ర రంగు ఉంటుందని, క్యారెట్‌లో ఉండే రంగుకి అది చుట్టమని చెప్పింది. "అన్ని బీజాలు అంత ఎత్తుకి ఎలా చేరాయో మాత్రం నాకూ పూర్తిగా తెలియదు," అని కూడా అంది. తెలియనిది తెలియదని చెప్పిన పెద్ద ఉద్యోగిని ఆ వారంలో ఆవిడనొక్కదాన్నే చూశాను.

"క్యారెట్ రంగు," అంది అత్తయ్య. "అందుకే బ్లీచ్‌కి విరిగింది. అనుకుంటూనే ఉన్నాను, ఇది ఏ చెట్టుదో చేమదో అయ్యుంటుందని."

మేడం తెల్లబోయి చూసింది. "మీరు దుప్పటి మీదే కనిపెట్టేశారన్నమాట."

నాకు ప్రాణం లేచొచ్చింది. "ఆ మాట కాగితం మీద రాసివ్వండి మేడం" అన్నాను. మార్కెట్ వీధుల్లో పట్టిన నీళ్ల గురించైతే రాసిస్తానంది. "మీ దుప్పట్లు నేను చూడలేదు కదండీ. చూడనిదాన్ని చూశానని ఎలా రాయను?" అంది. నాకు కోపం వచ్చింది, కానీ ఆవిడ మాటలో తప్పు పట్టలేకపోయాను. అదే ఇంకా పెద్ద కోపం.

ఆ కాగితం తీసుకెళ్లి ఇస్తే సూపరింటెండెంటు గారు పైకీ కిందికీ చూశారు. "మార్కెట్‌లో పడితే మనమీద పడ్డట్టా? రేపు నువ్వో సీసా తెచ్చి మన మేడమీద పట్టానంటావు. ఎక్కడ పట్టావో ఎవరికి తెలుసు?" అన్నారు. ఆ వెంటనే నెమ్మదిగా, "లాండ్రీకి వేరే మనిషిని చూశాం. మీ అత్తను స్టోర్సులో కూర్చోబెడతాం. జీతం తగ్గదు, ఎందుకా కంగారు?" అన్నారు. జీతం కోసం ఎవరు ఏడుస్తున్నారు? అట్టపెట్టెల మధ్య కుర్చీలో ఆవిడను ఊహించుకోలేకపోయాను.

ఆ మాట చెప్పినప్పుడు అత్తయ్య దుప్పటి అంచు మడత పెడుతోంది. "చూశావా? బద్ధకస్తురాలినైతే బతికిపోయేదాన్ని," అంది. "సాయంత్రం ఉతుకుదాంలే అని వదిలేసుంటే, ఈపాటికి అందరూ వచ్చి చూసి అయ్యో అనేవాళ్లు." ఏడ్చింది. ఆవిడ ఏడవగా నేను చూడటం అదే మొదటిసారి, మామయ్య పోయినప్పుడు కూడా ఏదో ఒక బట్ట ఉతుకుతూనే ఉంది.

గడువు రేపనగా, మధ్యాహ్నం మూడింటికి నా కిటికీ అంచు మీద టప్ మని చుక్క పడింది. టీ నీళ్ల రంగు. రెండో చుక్క ఇంకా ఎర్రగా ఉంది. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లెక్కి పరుగెత్తాను. మేడమీద ఇరవై ఆరు దుప్పట్లు ఉన్నాయి. అత్తయ్య, ఆడవాళ్లు అప్పటికే క్లిప్పులు పీకేస్తున్నారు.

"అత్తయ్యా, ఆగు! తియ్యకు! తడవనీ!" అని అరిచాను. "ఆయన్ని పిలుచుకొస్తాను, కళ్లారా చూస్తాడు!"

"ఆడవాళ్ల వార్డులో ఇరవై ఆరు మంచాలకి పక్కలు తీసేసి ఉన్నాయే. బీరువా ఖాళీ. రాత్రికి వాళ్లు దేనిమీద పడుకుంటారు, నీ సాక్ష్యం మీదా?"

"ఒక్కటి, ఒక్కటి ఉంచు!"

"ఆ ఒక్క మంచం ఎవరిదో నువ్వెళ్లి చెప్పిరా," అంది, క్లిప్పు పీకుతూనే.

నేను దుప్పటి ఒక కొస పట్టుకుని లాగాను. ఆవిడ రెండో కొస పట్టుకుని లాగింది. ముప్ఫై ఏళ్లుగా దుప్పట్లు పిండిన చేతులు అవి, నేను ఓడిపోయాను. ఆఖరి దుప్పటి కూడా మెట్ల గదిలోకి చేరింది. వాన జోరందుకుంది. నాకు తిట్లన్నీ నోటిదాకా వచ్చాయి. అప్పుడు అత్తయ్య గడప దాటి మళ్లీ బయటికి నడిచింది. పనిలో వేసుకునే తెల్లకోటు బొత్తాలన్నీ మెడదాకా పెట్టుకుంది. మేడ మధ్యలో, తీగల కింద, చేతులు చాపి నిలబడింది. కోటు ముందుభాగం తడిశాక వెనక్కి తిరిగింది. జుట్టులోంచి ఎర్రటి నీళ్లు చెంపల మీదుగా కాలరులోకి కారుతున్నాయి. మరక పడకుండా బతుకంతా కాపలా కాసిన మనిషి కళ్లు గట్టిగా మూసుకుని ఓర్చుకుంటోంది.

అలాగే రెండంతస్తులు దిగింది. మెట్ల మీద, వరండాలో, సూపరింటెండెంటు గారి గదిలో తివాచీ మీద ఆవిడ నడిచినంతమేరా ఎర్రటి చుక్కలు. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"వాన ఇంకా పడుతోందండి," అంది అత్తయ్య. "ఇది ఎక్కడ పట్టానో అని అడక్కండి. కిటికీ మీ వెనకే ఉంది."

ఆయన కిటికీ తెరిచారు. చెయ్యి చాపారు. అరచెయ్యి లోపలికి తెచ్చుకుని చూసుకున్నారు, రుమాలుతో తుడుచుకున్నారు, రుమాలు చూసుకున్నారు. క్షమించమంటారని నేను పిచ్చిదానిలా ఎదురుచూశాను.

"రాసుకో" అన్నారు నాతో. "సంజాయిషీ పరిశీలించడమైనది. సదరు వర్షం ఎర్రగా కురియుట వాస్తవమే. కావున లాండ్రీ బాధ్యతలలో కొనసాగించడమైనది. అయినను ఇకముందు ఇట్టివి పునరావృతం కాకుండా జాగ్రత్త వహించవలసినదిగా హెచ్చరించడమైనది."

"ఏవి పునరావృతం కాకూడదు సార్?" అన్నాను. "వానలా?"

"ఇట్టివి అని చెప్పాను కదా. కొట్టు."

లాండ్రీ దక్కింది, దానితోపాటు తప్పూ ఆవిడ సర్వీసు పుస్తకంలోనే మిగిలింది. నా బల్ల దగ్గరికొచ్చి కొట్టాను. ఆయన చెప్పింది అక్షరం పొల్లుపోకుండా కొట్టాను. కింద, కాపీలు ఎవరెవరికి పంపాలో రాసే "ప్రతులు" దగ్గరికొచ్చాక ఒకటి, లాండ్రీ విభాగం అని కొట్టాను. రెండు, సర్వీసు పుస్తకం. వేళ్లు ఆగలేదు. మూడు, వర్షం, తగు చర్య నిమిత్తం.

ఆయన చదవలేదు, సంతకం చేసి, ముద్ర వేయించుకుని, కారెక్కి వెళ్లిపోయారు.

అత్తయ్య కోటు ఇంకా విప్పలేదు. కాగితం అందుకుని పైనుంచి కిందిదాకా చదివింది. మూడో ప్రతి దగ్గర ఆగి, కళ్లజోడు సర్దుకుని, ఇంకోసారి చదివింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఇది నా పుస్తకంలో అంటిస్తారా?"

"అంటిస్తారు."

"నేను రిటైరయ్యాక కూడా ఉంటుందా?"

"ఉంటుంది అత్తయ్యా."

"అయితే గట్టిగా అంటించమను," అంది.