దంతాలగుట్టకు మేము వేసిన ఇరుకు దారి

ఆ రోజుల్లో కొండలన్నీ నాకోసమే ఎదురుచూస్తున్నాయని నాకొక గట్టి నమ్మకం ఉండేది. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లు. ఖమ్మంలో డిగ్రీ చదువుతూ ఎన్‌సీసీలో చేరి, ఒక వేసవిలో కొండలెక్కడం నేర్పే శిబిరానికి వెళ్లాను. వచ్చేటప్పుడు లామినేషన్ చేయించిన సర్టిఫికెట్, అక్కడి సారును బతిమాలి తెచ్చుకున్న పాత తాడు, రెండింటికీ సరిపడినంత గర్వం వెంట తెచ్చుకున్నాను. (గర్వం గురించి బైబిలు వాక్యం ఏమంటుందో ఆదివారం బడిలో పిల్లలకు చెప్పేది నేనే. అది పిల్లల కోసం చెప్పిన మాట అని అప్పట్లో నా అభిప్రాయం.) ఊళ్లో కుర్రాళ్లు సెల్‌ఫోను సిగ్నల్ కోసం నీళ్ల ట్యాంకు ఎక్కుతుంటే, కింద నిలబడి, "అట్ల కాదు, బరువు కాళ్ల మీద వేయాలి" అని అరిచేదాన్ని. ఇప్పుడు ఆ పిల్ల గుర్తొస్తే సిగ్గు వేయదు. ఏ సందు మలుపులోనైనా ఒక్కసారి ఎదురైతే బాగుండునని మాత్రం అనిపిస్తుంది.

మా ఊరు బూర్గంపాడు దాటాక, అడవి మొదలయ్యే చోట ఉండేది. ఊరి వెనకే సున్నపురాయి గుట్ట. ఎన్నో కాలాల వానలు ఆ రాయిని కొరికి కొరికి, కొన అంతా పళ్ల వరుసలా మొనదేలిపోయింది. అందుకే దానికి దంతాలగుట్ట అని పేరు. చెయ్యి ఆనిస్తే అరచెయ్యి గీసుకుపోయేది, హవాయి చెప్పులతో నడిస్తే చెప్పులే తెగిపోయేవి. ఎంత పెద్ద వాన కురిసినా పైన చుక్క నిలిచేది కాదు. వచ్చిన నీళ్లన్నీ రాతి పగుళ్లు గుటకేసేవి.

మా సంఘం ప్రతి ఈస్టర్‌కూ తెల్లవారేసరికి బడి ఆవరణలో కూడుకుని ఆరాధన చేసుకునేది. ఆ ఏడు పండుగకు ఇంకా కొన్ని వారాలున్నాయనగా, ఆదివారం కూడిక అయ్యాక అమ్మమ్మ అందరి ముందూ లేచి నిలబడింది. "అయ్యగారూ, ఈసారి పండుగ ప్రార్థన గుట్ట మీద పెట్టుండ్రి" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆమె అలా ఎందుకు అడిగిందో నాకు తెలుసు. అమ్మమ్మ ఆ ఊరికి కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఆ ఇంట్లో యేసు మీద నమ్మకమున్నది ఆమె ఒక్కతెకే. కట్టెలకని గుట్టకు పోయి, ఒక బండ చాటున మోకరించి, పెదవులు కదలకుండా ప్రార్థన చేసుకుని వచ్చేదట. "దొంగలెక్క చేసిన బిడ్డా ఆ ప్రార్థన. చచ్చేలోపల ఒక్కసారి ఆడ నలుగుర్ల కూసోని గొంతెత్తి పాడాలె. గంతే" అనేది నాతో, పక్క మీద మోకాళ్లకు నూనె రాసుకుంటూ.

పాస్టరు అయ్యగారు ఆమె మోకాళ్ల వైపు చూశారు. "మీ మోకాళ్లతోని మీరు ఎక్కగలిగే దారి దొరికితే అక్కడనే పెడదామమ్మా. దొరకకపోతే బడి దగ్గరనే. మిమ్మల్ని కింద విడిచిపెట్టి మేమైతే పోము" అన్నారు. ఆ మాట ఇంకా ముగియకముందే నా చెయ్యి లేచింది. "దారి నేను చూస్తా అయ్యగారూ!"

నాకు తోడుగా బయలుదేరినవాడు అమ్మమ్మ కొడుకు, మా స్తోత్రం మామయ్య. సంఘ పెద్ద. మంచి భారీ మనిషి. బస్సు వస్తే స్తోత్రం, వెళ్లిపోతే స్తోత్రం, కూరలో ఉప్పు ఎక్కువైనా స్తోత్రమే. నేను పాత క్యాలెండరు కాగితం వెనక గుట్ట బొమ్మ గీసి, ఎర్ర పెన్నుతో దారులు వేసి, వాటికి బైబిల్లోంచి పేర్లు కూడా పెట్టాను: సీనాయి దారి, యాకోబు నిచ్చెన. నేల మీద పళ్లెంలో అన్నం పెట్టుకుని తింటున్న అమ్మమ్మకు కాగితం చూపించి, తను ప్రార్థన చేసుకున్న బండ ఎక్కడో గుర్తు పెట్టమన్నాను. "ఆడ పెద్ద తునికి చెట్టుంటది సూడు, దాని ఎనక" అంది ధీమాగా. ఆ చెట్టు నేను పుట్టకముందే పొయ్యిల్లోకి పోయిందని మామయ్య నా చెవిలో చెప్పాడు.

అసలు గుట్ట చుట్టూ మెల్లగా తిరుగుతూ పైకి పోయే వెడల్పాటి బాట ఒకటి ఉంది. వేసవిలో బీడీల కోసం తునికాకు కోసేవాళ్లు నడిచే బాట. ఊరందరికీ తెలిసిందే, నాకూ తెలుసు. దాన్ని నేను బొమ్మలో కూడా వేయలేదు. శిబిరానికి వెళ్లి సర్టిఫికెట్ తెచ్చుకున్న మనిషి ఆకుల మూటలు మోసే బాటలో నడవడమా! మామయ్య అభ్యంతరం ఇంకొక రకం. "వెడల్పు దారి ఏడికి పోతదో ఎరుకేనా కోడలా? ఆదివారం బడిల పిల్లలకు నువ్వే చెప్తివి గదా" అన్నాడు, చాలా గంభీరంగా. నాశనానికి పోయే వెడల్పు దారిని వదిలి ఇరుకు దారిని ఎంచుకోవాలన్న యేసు బోధను ఆయన జీవితమంతా పాటించిన మనిషి. గుట్ట దగ్గర మానేస్తాడా? దాంతో దారి చీలిన ప్రతిచోటా మేమిద్దరం వెతికి వెతికి ఇరుకైన వైపే తిరిగాం. దారి సన్నబడేకొద్దీ మామయ్య ముఖంలో నిశ్చింత పెరుగుతూ వచ్చింది. "సక్కగనే పోతున్నం, స్తోత్రం" అంటూ నా వెనకే వచ్చాడు. చివరికి ఆ దారి రెండు రాతి గోడల మధ్య నిలువు చీలికగా మారింది. నేను పక్కకు తిరిగి దూరిపోయాను. వెనక నుంచి మామయ్య గొంతు మాత్రం వచ్చింది.

"కోడలా."

"ఏంది మామయ్యా?"

"ముందుకు వస్తలేను."

"అయితే వెనక్కి పో."

"ఎనక్కి గూడ పోతలేను."

స్తోత్రం లేకుండా ఆయన వాక్యం ముగించడం నేను వినడం అదే మొదటిసారి. నిజంగానే భయం వేసింది. శిబిరంలో నేర్చుకున్న ముడి వేసి తాడు ఆయన చంకల కింద నుంచి తిప్పి, రెండో కొసను ఒక రాతి పన్నుకు చుట్టి లాగాను. మామయ్య కదల్లేదు, పన్ను ఊడి వచ్చింది. (మాకు నేర్పింది గట్టి నల్లరాతి మీద. సున్నపురాయి సంగతి మా సారు చెప్పలేదు.) మామయ్య భయంతో ఊపిరి బిగబట్టి రొమ్ము పొంగించి నిలబడ్డాడని అప్పుడు గమనించాను. "మామయ్యా, గాలంతా బయటికి వదులు" అన్నాను. "ఎట్ల వదలాలె?" అన్నాడు. "స్తోత్రం అను. పొడుగ్గా అను." ఆయన కళ్లు మూసుకుని, "స్తో...ఓ...ఓ..." అంటూ మొదలుపెట్టాడు. రొమ్ము దిగింది. "త్రం" దగ్గర నేను లాగాను. చొక్కా గుండీలన్నీ గుట్టకు సమర్పించి మామయ్య నా మీద వచ్చి పడ్డాడు.

సాయంత్రం ఇంట్లో అయ్యగారి ముందు పంచాయితీ. "నీ పొట్టే పట్టని సందుల నన్ను తోలుకపోదామనుకున్నవారా?" అని అమ్మమ్మ కొడుకును నిలదీసింది. మామయ్య తల వంచుకుని అయ్యగారిని అడిగాడు: "వెడల్పు బాటన పోతే తప్పు గాదా అయ్యగారూ?" అయ్యగారు నవ్వు ఆపుకోవడానికి మంచినీళ్లు తాగారు. "అది బతుకు గురించి చెప్పిన మాట. తునికాకు బాట గురించి గాదు" అన్నారు.

పండుగ నాడు తూరుపు తెలవారుతుండగా వెడల్పు బాటనే బయలుదేరాం. కాళ్లు కోసుకుపోతాయని నేను చేసిన హడావుడికి ఆడవాళ్లందరూ తెల్లచీరల కింద పిల్లల కాన్వాసు బూట్లు వేసుకున్నారు. అమ్మమ్మకు నా ఎన్‌సీసీ బూట్లు. అడుగడుగునా ఆగి, మోకాళ్లు పట్టుకుని, మళ్లీ కదిలింది. బాట దంతాల వరుసకు కాస్త దిగువన ఒక చదును దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి కొనకు ఆమెను చేర్చడానికి నా దగ్గర గొప్ప పథకం ఉంది. మామయ్య నెత్తిన ప్లాస్టిక్ కుర్చీ, నా భుజాన తాడు. నేను ముడులు విప్పుతుండగానే అమ్మమ్మ ఒక బండ మీద చెయ్యి పెట్టి నిలబడిపోయింది. దాని చుట్టూ తిరిగి వెనక వైపు తడిమింది.

"గిదే" అంది.

"పైకి పోవాలి కదా అమ్మమ్మా! ఇంకా కొంచెమే."

"పైకి ఎందుకే? నేను ఎన్నడు పోయిన పైకి? దేవుడు గీడిదాక దిగొచ్చిండు గద అప్పుడు" అని, నా బూట్లు విప్పేసి, ఆ బండకు ముందు వైపున, అందరికీ కనబడేలా కూర్చుంది. సంఘమంతా ఆమె చుట్టూ కూర్చుంది. దూరంగా గోదావరి మీద మంచు విడిపోయి నీళ్లు ఎర్రబడ్డాయి. అమ్మమ్మ గొంతెత్తింది. శ్రుతి లేదు, తాళం లేదు. అంత పెద్ద గొంతు ఆ చిన్న మనిషిలో ఇన్నాళ్లూ ఎక్కడ దాగిందో అనుకున్నాను. మామయ్య కుర్చీ నెత్తిన పెట్టుకునే ఏడ్చాడు, దించడం మరిచిపోయి.

ఆ తాడు మీద అమ్మమ్మ బతికినన్నాళ్లూ బట్టలు ఆరేసుకుంది. ఇప్పుడది ఖమ్మంలో, ఖానాపురం హవేలిలోని మా మేడ మీద ఉంది, అదే ఉద్యోగంలో. ఈస్టర్‌కు ఊరు వెళ్లినప్పుడల్లా వెడల్పు బాటనే నడిచి ఆ బండ దాకా పోతాను. దంతాల మధ్య నుంచి కొనకు దారి ఎక్కడుందో నాకు తెలుసు. చాలాసార్లు మనసులోనే గీసుకున్నాను. కానీ ఆమె కూర్చున్న చోటు దాటి పైకి పోవాలంటే ఎందుకో కాళ్లు కదలవు. అక్కడ కూర్చున్న పిల్లలు, "ఆంటీ, మీరు పెద్ద క్లైంబర్ అంట గదా, పైకి ఎందుకు ఎక్కరు?" అని అడుగుతారు. మోకాళ్ల నొప్పులని చెప్పి, బూట్లు విప్పుకుని కూర్చుంటాను.