గాలివీరుడికి జేబులేవి?

దర్జీ మామయ్యకు ఒక్కటే జబ్బు. వీధంతా నెత్తిన పెట్టుకున్న గాలివీరుణ్ణి నాలుగు మాటలు అననిదే ఆయన సూదిలోకి దారం ఎక్కేది కాదు.

గాలివీరుడంటే సినిమాల్లో ఎగిరేవాడు. తెరమీద బొమ్మే అయినా, అతను వచ్చాక మా వీధి మారిపోయింది. పిల్లలు మెడకు తువ్వాళ్లు కట్టుకుని గోడలమీద నుంచి దూకేవారు. సెలూన్ అతను ఇరవై తలలకు గాలివీరుడిలా నుదుటిమీద ఒకే ముంగురు దించాడు. ముసలమ్మలను రోడ్డు దాటించేవాళ్లు ఎగబడ్డారు. ఒకావిడను, వద్దమ్మా అంటున్నా వినకుండా రెండుసార్లు దాటించారు.

నేను నీళ్ల ట్యాంకు దగ్గర పంపు ఆపరేటర్ని. రోజంతా మోటారు రొదే తప్ప మనిషి గొంతు వినపడదు. దర్జీ కొట్టు పైగదిలో ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. పొద్దున దేవుడి పటం ముందు ఏం చెప్పుకుంటానో అదే ఆ రోజుకు నా మాట. ఇక ఉండలేక ఒక సాయంత్రం కిందికి దిగి చెప్పాను.

"నెలాఖరుకు గది ఖాళీ చేస్తాను మామయ్యా. ఉద్యోగం మానేస్తున్నా."

"ఊ. నీ గోడమీద గాలివీరుడి బొమ్మ ఉంది కదా. వాడి బట్టలకు ఒక్క జేబు చూపించు."

"ఎగిరేవాడికి జేబెందుకు?"

"ఇంటి తాళం ఎక్కడ పెట్టుకుంటాడు?"

"ఆయనకు ఇల్లు లేదు."

"అదీ సంగతి. ఇల్లూ వాకిలీ లేనివాణ్ణి పట్టుకుని వీరుడంటారు."

నాకు ఒళ్లు మండింది. అరగంట వాదించాను. గదికి వచ్చాక చూసుకుంటే గొంతు బొంగురుపోయింది.

మర్నాడు నేను మెట్లెక్కుతుండగానే ఆపాడు.

"మీవాడు పైకప్పు పగలగొట్టుకుని దిగుతాడేం? ఆ పెంకులు ఎవరు నేయిస్తారు?"

"ఇంట్లోవాళ్ల ప్రాణం కాపాడాడు కదా మామయ్యా."

"వానొస్తే ఆ ప్రాణాలే తడుస్తాయి."

ఇలా రోజూ. తిడుతూనే బట్ట కత్తిరించేవాడు, తిడుతూనే గుండీ కుట్టేవాడు. ఈయనకు ఆ వీరుడిమీద ఇంత పగేమిటా అనుకునేవాణ్ణి.

ఒకనాడు మోటారు కాలిపోయి మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. కొట్లో సెలూన్ అతని గొంతు వినిపించింది.

"ఏదేమైనా ఈసారి సినిమాలో గాలివీరుడు తేలిపోయాడన్నా."

"నోర్ముయ్. ఆయన్నంటే నాలుక కత్తిరిస్తా. ఆ పసిదాన్ని ఎత్తుకుని కిందికి దిగే చోట ఆరుసార్లు చూసి ఆరుసార్లూ ఏడ్చాను."

"మరి సాయంత్రమైతే నువ్వే తిడతావుగా?"

"అది వేరురా. పైగది అబ్బాయి పగలంతా మోటారుతో కాపురం చేస్తాడు. భోంచేశావా అంటే ఊ, బాగున్నావా అంటే ఊ. గాలివీరుణ్ణి అంటేనే నోరు విప్పుతాడు. తిట్టేముందు మనసులో ఆయనకో దణ్ణం పెట్టుకుంటున్నాలే."

చప్పుడు చేయకుండా మెట్లెక్కాను. దేవుడి పటానికో దణ్ణం, గోడమీద గాలివీరుడికో దణ్ణం పెట్టుకున్నాను.

సాయంత్రం దిగేసరికి ఆయన సిద్ధంగా ఉన్నాడు.

"మీవాడికి ఈత రాదట."

ఎక్కడ నవ్వు బయటపడుతుందోనని తల దించుకుని, "నిజమే అయ్యుంటుంది మామయ్యా" అన్నాను.

కుట్టుమిషను ఆగింది. ఆయన లేచి వచ్చి నా నుదుటిమీద చెయ్యివేసి చూశాడు. తర్వాత లోపలికి కేకేశాడు.

"ఏమేవ్, ఇంకో పళ్లెం పెట్టు. ఈ అబ్బాయికి పోట్లాడే ఓపిక కూడా లేదు."

అత్తయ్య వడ్డించింది. నేను నాలుగు ముద్దలు తినేదాకా ఆయన బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు. అయిదో ముద్దకు ఉండబట్టలేక, "ఈత రానివాడు నదిమీద ఎగరొచ్చా?" అన్నాడు.

"ఎగిరితే ఏమవుతుంది?"

"రేపు చెబుతా. వస్తావుగా?"

వస్తానన్నాను. నెలాఖరు వచ్చింది, వెళ్లింది. ఆ ఈత సంగతే ఇంకా తేలలేదు.