సంతకం కాని కాయితం

ఈ రోజు మా క్వార్టర్ల లైనులో ఉండే రాజేశం కాకను చూద్దామని దవాఖానకు వెళ్లాను. బొగ్గుబాయిలో పైకప్పు బండ మెడ మీద పడి, నాలుగు రోజులుగా ఆయనకు చేతులూ కాళ్లూ కదలడం లేదు.

నేనున్నప్పుడే పెద్ద డాక్టరు వచ్చాడు. దెబ్బ కన్నా దాని వెనక వచ్చిన వాపే నరాలను తినేస్తోందన్నాడు. కాక ఎముక మజ్జ నుంచే మూలకణాలు తీసి ఎక్కిస్తే వాపు తగ్గవచ్చట. ఇంకా ప్రయోగంలో ఉన్న వైద్యం, గ్యారంటీ లేదు, కానీ రేపటి తర్వాత చేసినా లాభముండదన్నాడు. కాక సరేనన్నాడు. చెయ్యి లేవదు కాబట్టి ఆయన తరఫున భార్య, మా చిన్నమ్మ, సంతకం పెట్టాలి.

చిన్నమ్మ నన్ను వరండాలోకి పిలిచింది.

"వాపు తగ్గి మనిషి లేస్తే, మెడికల్ బోర్డుల అన్‌ఫిట్ జేస్తరా, బిడ్డా?"

"చెయ్యకపోవచ్చు, చిన్నమ్మా."

"మరి మా పెద్దోని నౌకరి?"

మా బొగ్గుబాయిల్లో తండ్రి ఇక పని చెయ్యలేడని మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేస్తే, ఆ నౌకరీ కొడుక్కి వస్తుంది. ఆమె చాలా మెల్లగా అడిగింది.

"సంతకం ఎల్లుండి పెడితే ఏమైతది?"

నేను లోపలికి వచ్చేశాను. కాక కళ్లు తలుపు వైపే ఉన్నాయి.

"పెట్టిందా?"

"పెన్ను వెతుకుతోంది, కాకా."

పెన్ను నా జేబులోనే ఉంది. ఇంటికొచ్చాక కూడా అక్కడే ఉంది. మీరైతే తీసి ఇచ్చేవారా?