మెరిసి మాయమైన గులాబీ రంగు

ఇళ్లలో స్విమ్మింగ్ పూల్స్ శుభ్రం చేస్తుంది కనుక ఆమెకు పూలమ్మ అని పేరు పడిపోయింది. పూలు అమ్ముతుందేమోనని కొత్తవాళ్లు అనుకునేవారు. నిజానికి పూల్స్ కడిగే పని మొదట మొగుడిది. తడి గట్టు మీద జారిపడి అతను నడుం విరగ్గొట్టుకున్నాక బ్రష్షూ, చెత్త తీసే వలగరిటా, నీటి పరీక్ష పెట్టె అన్నీ ఆమె చేతికొచ్చాయి. నోరు మాత్రం అతని దగ్గరే ఉండిపోయింది. మంచం మీది నుంచే ఫోన్లో పని చేయించేవాడు.

"మూలలు రుద్దావా? నువ్వు రుద్దడమంటే నిమిరి రావడమేగా."

"నిమరక ఏం చెయ్యను? నిన్ను పడేసిన గట్టయ్యా ఇది."

వీధి చివరి ఇంటివాళ్లు ఊరెళ్లినప్పుడు పంపు ఆగిపోయింది. తిరిగొచ్చేసరికి పూల్ అంతా పచ్చగా నాచు పట్టి ఉంది. గోడ మీద చెయ్యి వేస్తే జారిపోతోంది. అందరికంటే ఎక్కువగా దిగులుపడింది ఆ ఇంటి పెద్దావిడ. మోకాళ్లు అరిగిపోయి నేల మీద గోడ పట్టుకుని నడిచే ఆవిడ, మధ్యాహ్నాలు మాత్రం నీళ్లలో ఆ చివరి నుంచి ఈ చివరికి ఎవరి సాయం లేకుండా తిరిగేది.

"నీళ్లలోనే నా కాళ్లు నా మాట వింటాయే అమ్మాయ్. ఎప్పుడు దిగనిస్తావు?"

"రేపు దిగుదురుగానండి" అని నోరు జారింది పూలమ్మ.

ఆ సాయంత్రం గోడలన్నీ రుద్ది, పచ్చబడ్డ నీళ్లకు వేసే పెద్ద మోతాదు క్లోరిన్ కలిపి, పంపు ఆన్ చేసి వెళ్లింది. పొద్దున వచ్చేసరికి పచ్చదనం పోయింది. నీళ్లు విరిగిన పాలలా ఉన్నాయి. జలుబుతో ముక్కులు మూసుకుపోయి ఆమెకు ఏ వాసనా తెలియడం లేదు. గాజు గొట్టంలో నీళ్లు పట్టి, పరీక్ష మందు చుక్కలు వేసింది. క్లోరిన్ ఉంటే గులాబీ రంగు రావాలి. ఎంత ఉంటే అంత ముదురు. రంగు ఇలా మెరిసి అలా పోయింది. గొట్టంలో ఏ రంగూ లేని నీళ్లే మిగిలాయి.

"రంగు రాలేదు" అంది ఫోన్లో.

"అసలేం రాలేదా? చుక్క పడగానే..."

ఆ మెరుపు సంగతి చెబితే గొట్టం కడగలేదంటాడు, చుక్కలు సరిగ్గా వెయ్యలేదంటాడు, మళ్లీ మొదటి నుంచీ చేయిస్తాడు.

"రాలేదంటే రాలేదు. నాకూ కళ్లున్నాయి."

"అయితే క్లోరిన్ మొత్తం ఆ నాచే తినేసింది. ఇంకో మోతాదు వెయ్యి."

వేసింది.

ఇంటికెళ్లి గొట్టాలు కడుగుతూ అంది, "నీ చుక్కల మందు పాతబడినట్టుంది చూసుకో. గులాబీ రంగు మెరిసి మాయమైపోతోంది."

అతను లేవబోయి, లేవలేక మంచం పట్టె పట్టుకున్నాడు. "మెరిసిందా? పొద్దున అడిగితే రాలేదన్నావు కదే! రంగు పోయింది క్లోరిన్ లేక కాదు, మరీ ఎక్కువై. రంగునే తినేసింది. దాని మీద ఇంకోటి వేయించానే నేను!"

పెద్దావిడ ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. నీళ్లలోకి దిగేముందు ఆవిడ ఫోన్ హాల్లోనే వదిలేస్తుంది. పూలమ్మ చెప్పులైనా వేసుకోకుండా స్కూటర్ తీసింది.

పెద్దావిడ కమ్మీ పట్టుకుని మోకాళ్ల లోతు నీళ్లలో మెట్టు మీద నిలబడి ఉంది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

"అమ్మగారూ! వద్దు! దిగొద్దు!"

చీరతోనే దిగి, ఆవిడను నడుం దగ్గర పొదివి పట్టుకుని పైకి తెచ్చింది. గట్టు మీద కూర్చోబెట్టి, మొక్కలకు నీళ్లు పట్టే పైపు తెచ్చి కాళ్లు కడిగింది. దోసిలితో మంచినీళ్లు పోసి కళ్లు కడిగింది. పూలమ్మ కాళ్లూ మండుతున్నాయి.

"చురుక్కుమంటుంటే మందు కొత్తది కదా, అంతేలే అనుకున్నా" అంది పెద్దావిడ. "నువ్వే కదా ఇవాళ దిగమన్నావు."

పూలమ్మ తలెత్తలేదు. "ఎక్కువ వేసేశానండి. తప్పు నాది. అబ్బాయిగారికి ఫోన్ చేద్దాం. మీ కళ్లు డాక్టరు చూడాలి."

పెద్దావిడ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వాడికి చెప్పకు. నిన్ను మాన్పించేస్తాడు. ఆ తర్వాత ఈ గొయ్యి పూడ్పించేస్తాడు. నేనెక్కడ నడవనే?"

అప్పుడే మొగుడి దగ్గర నుంచి ఫోన్.

"దిగిందా?"

"దిగింది."

"ఎలా ఉంది?"

పూలమ్మ వంగి ఆ కాళ్లను దగ్గరగా చూసింది. "మోకాళ్ల దాకా ఎర్రబడ్డాయి. కుడికాలి మడమ దగ్గర చర్మం లేచింది. కళ్లు తెరవలేకపోతోంది."

అటువైపు దెప్పిపొడుపు లేదు. "కొడుక్కి చెప్పారా?"

పెద్దావిడ పట్టు ఇంకా వదల్లేదు. ఆ చేతిని వదిలించుకోకుండానే పూలమ్మ ఆవిడను లేవదీసింది. ఇద్దరూ గోడ పట్టుకుని, అబ్బాయిగారి నంబరున్న ఫోన్ కోసం హాల్లోకి మెల్లగా నడిచారు.