జగిత్యాలలో నేను తీసుకోని అప్పు

సిరిసిల్లలో మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో ఆరు కుట్టుమిషన్లు ఉండేవి. లోపలి లంగాలు కుట్టించి చీరల దుకాణాలకు వేసేదాన్ని. బీడీలు చుట్టిన చేతులతో మొదలుపెట్టిన పని అది. మా ఆయన సాంచాల మీద పనిచేసేవాడు. మరమగ్గాలను మావైపు అలాగే అంటాం. అప్పుల బాధకు మనుషులు ప్రాణాలు తీసుకున్న ఊరు మాది. అందుకే మొదటి మిషన్‌కు మహిళా సంఘంలో తీసుకున్న అప్పును ఒక్క కిస్తీ కూడా తప్పకుండా కట్టాను.

తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న రోజులు. కరీంనగర్ వ్యాపారి ఒకాయన దసరాలోపు ఎప్పుడూ ఇచ్చేదానికి రెండింతలు సరుకు కావాలన్నాడు. ఇంకో ఆరు మిషన్లు వేస్తేగానీ కాదు. మా ఊరి బ్యాంకులో దరఖాస్తు పెట్టాను. వారం తర్వాత మేనేజరు పిలిచాడు. నన్ను కూర్చోమనలేదు.

"మీకు జగిత్యాల బ్రాంచిలో లోను ఉంది కదమ్మా. మూడేళ్ళుగా కట్టడం లేదు. మళ్ళీ ఇక్కడ ఎలా అడుగుతున్నారు?"

"నాకు జగిత్యాలల లోనేంది సార్? ఆడ నేను ఎన్నడు తీసుకోలే."

"నేను చెప్పడం కాదు, రిపోర్టు చెబుతోంది."

బొంబాయిలో ఒక కంపెనీ ఉందని అప్పుడే విన్నాను. దేశంలో ఎవరు అప్పు తీసుకున్నారు, ఎవరు కట్టారు, ఎవరు ఎగ్గొట్టారు అన్నది రాసిపెట్టి బ్యాంకులకు అమ్ముతుందట. నా గురించి ఏం రాసిందో నేను చూడాలంటే నేనూ డబ్బు కట్టాలి. డీడీ తీసి, ఓటరు కార్డు, రేషన్ కార్డు కాపీలు జతచేసి పోస్టు చేశాను. ఈలోపు వేరే బ్యాంకు ఇస్తుందేమోనని ఇంకో రెండు చోట్ల అడిగాను. అక్కడా అదే మాట. ఒక చోటైతే ఆఫీసరు, వెనుక జనం నిలబడి ఉండగానే, "ఎగవేతదారులకు ఇవ్వం" అని గట్టిగా అన్నాడు. ఆ జనంలో మా వాడకట్టు మనిషి ఒకాయన ఉన్నాడు. రెండు రోజుల్లో, ఎన్నో ఏళ్ళుగా దారం ఉద్దెరకిచ్చే దుకాణదారు నా మొహం చూడకుండా, "ఈసారి నగదే తేవాలమ్మా" అన్నాడు. షెడ్డులో కుట్టే ఆడవాళ్ళు ఏమీ అడగలేదు.

నెల దాటాక కవరు వచ్చింది. అంతా ఇంగ్లీషు. నా చదువు పదో తరగతి. కూడబలుక్కుని చదివాను. నా పేరు, మా ఆయన పేరు, జగిత్యాల, బాకీ. అప్పటిదాకా తట్టనిది అప్పుడు తట్టింది. నాలుగేళ్ళ కింద మా తమ్ముడు కోరుట్లలో జిరాక్స్ షాపు పెట్టినప్పుడు జగిత్యాల బ్యాంకులోనే అప్పు తీసుకున్నాడు. జమానతు, అంటే పూచీ, నేనే ఉన్నాను. వాడు వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేశాను. ఒక్క కాగితం కూడా చదవలేదు. తమ్ముడు కదా అనుకున్నాను. ఇప్పుడు ఆ వేలే కళ్ళముందు కదిలింది.

మర్నాడే కోరుట్లకు బయల్దేరాను. సమ్మెతో బస్సులు బంద్. ఆటోలు మారుతూ వెళుతుంటే వేములవాడ దాటాక ఉద్యమంవాళ్ళు రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటలు చేస్తున్నారు. బండ్లన్నీ ఆగిపోయాయి. ఎవరో ఒకామె విస్తరాకులో అన్నం, పప్పు పెట్టి, "తిను చెల్లే, తెలంగాణ అచ్చేదాక గిట్లనే" అంది. విస్తరాకు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. తమ్ముడిని ఏమని అడగాలో మనసులో వల్లె వేసుకుంటున్నాను.

వల్లె వేసుకున్నదేదీ అక్కడ పనికిరాలేదు. షాపులో ఇద్దరు ముగ్గురు మనుషులుండగానే నోరు జారాను.

"నా పేరు మీద ఎంత తీసుకున్నవ్‌రా? జమానతని చెప్పి నాతోని ఏం సంతకాలు పెట్టిచ్చినవ్?"

వాడు మిషన్ ఆపలేదు. చేతిలో ఉన్న కాపీలు పూర్తిచేసి, పిన్ను కొట్టి, చిల్లర ఇచ్చి అందరినీ పంపించాడు. అప్పుడు నా చేతిలోని కాగితాలు తీసుకుని చదివాడు.

"అక్కా, నీకు గట్లనిపిచ్చిందా?" అన్నాడు. అంతే.

బీరువాలోంచి ఫైలు తీశాడు. తన అప్పు మొత్తం తీరిపోయినట్టు బ్యాంకు ముద్ర వేసిన కాగితం చూపించాడు. "గీ నంబరు సూడు, నాది గిది. నీ రిపోర్టుల ఉన్న నంబరు వేరే. గిది మనది కాదు."

వాడు రిపోర్టు కింద ఉన్న ఫోన్ నంబరు కలిపాడు. అరగంట సేపు పాట వినిపించాక ఒక అమ్మాయి హిందీలో పలికింది. బ్యాంకు ఏది పంపితే అదే పెడతాం, బ్యాంకు ఒప్పుకుంటేనే మారుస్తాం అంది. "మీరే తప్పు రాస్తే?" అని తమ్ముడు అడిగాడు. ఆ అమ్మాయి అదే వాక్యం, అక్షరం పొల్లుపోకుండా, మళ్ళీ చెప్పింది. చివర, ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగింది. నాకు ఆ ఫోన్‌ను గోడకేసి కొట్టాలనిపించింది.

"కూసో అక్కా, జగిత్యాల పోదాం" అని తమ్ముడు బండి తీశాడు.

జగిత్యాల ఆఫీసరు కంప్యూటరు చూసి తేలిగ్గా చెప్పాడు. "గీ లోను మీది కాదు. వేరే ఆమెది. పేరు, భర్త పేరు ఒక్కటే ఉన్నయని ఆ కంపెనోళ్లు మీ లెక్కల కలిపిండ్రు. మాకేం సంబంధం?"

"గదే ముక్క కాయిదం మీద రాసియ్యుండ్రి సార్" అన్నాను.

"గట్ల రాసియ్యరాదమ్మా. వాళ్లు అడగాలె."

వాళ్ళేమో బ్యాంకు ఒప్పుకోవాలంటారు. అద్దాల అవతల ఏసీలో కూర్చుని, ఎవరూ చేయని తప్పును నా నెత్తిన పెట్టి, టీ తాగుతున్న ఆ మనిషిని చూస్తే అసహ్యం వేసింది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. అటెండరు నీళ్ళ బాటిల్ తెచ్చిచ్చి, మెల్లిగా, "నీ పేరున్న గామె పెగడపల్లి దిక్కుంటదక్కా. పిండి గిర్ని ఆమె" అన్నాడు.

ఆమెను నాలుగు తిట్టాలనే వెళ్ళాను. అప్పు తీసుకుని ఎగ్గొట్టి, నా బతుకు బజారున పడేసిన మనిషి కదా. తీరా చూస్తే ఒక్క గది. సగంలో పిండి పట్టే గిర్ని, సగంలో సంసారం. గోడమీద చర్చి వాళ్ళిచ్చిన క్యాలెండరు. కనురెప్పల మీద కూడా పిండి పడి ఉన్న ఒక సన్నటి మనిషి, గిర్ని ఆపి బయటికొచ్చింది. నా పేరు చెప్పాను. "నా పేరు గూడ గదే" అని నవ్వింది. తమ్ముడు సంగతంతా చెప్పాక ఆ నవ్వు పోయింది.

"నేను కట్టిన చెల్లే. పొద్దంత నాట్లకు పోయి, పొద్దుమీకి గిర్ని నడిపి కట్టిన" అంటూ లోపలికి వెళ్ళి ప్లాస్టిక్ కవరులో చుట్టిన కాగితం తెచ్చింది. మొత్తం చెల్లినట్టు బ్యాంకు ఇచ్చిన కాగితమే. దాని మీది తేదీ చూశాను. బాకీ పడిందని రిపోర్టు చెబుతున్నది సరిగ్గా ఆ నెల నుంచే. అంటే ఆ అప్పు నాది కాదు, ఆమెదీ కాదు. అసలు ఆ అప్పే లేదు.

"నీకు మళ్ల లోను ఇచ్చిండ్రా?" అని అడిగాను.

"కారం పట్టే మిషన్‌కని రెండు మాట్లు పోయిన. ఇయ్యలే. మాలాంటోళ్లకు ఇయ్యరు గావచ్చు అనుకొని ఊకున్న. ఎందుకని అడగలే."

తిట్టడానికి వచ్చిన నాకు ఆమె చాయ్ పోసి ఇచ్చింది.

మధ్యలో రెండు రోజులు బంద్ పడింది. మూడో రోజు ఆమె, నేను ఇద్దరం ఆ ఆఫీసరు ముందు నిలబడ్డాం. ఆయన అటూ ఇటూ చూసి, "ఇద్దర్ల లోను తీసుకున్నామె ఎవలు?" అన్నాడు.

ఆమె కాగితం బల్లమీద పెట్టింది. "పేరు ఇద్దరిది సార్. బాకీ మాత్రం ఇద్దరిది కాదు."

ఆయన కాగితాన్ని తిరగేసి మరగేసి చూశాడు. కంప్యూటరులో ఏదో కొట్టాడు. "సిస్టంల అప్డేట్ కాలే" అన్నాడు. మూడేళ్ళు ఒక మనిషికి తిండి దారి మూసేసి, ఇంకో మనిషిని ఊళ్ళో దొంగను చేసిన దానికి ఆయన దగ్గరున్నవి ఆ మూడు మాటలే. కంపెనీకి ఉత్తరం టైపు చేయించి సంతకం పెట్టాడు. తల ఎత్తలేదు.

కంపెనీ జవాబు రావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. నా లెక్కలోంచి ఆ ఖాతా తీసేశామన్నారు. తప్పు మాదేనన్న మాట అందులో ఎక్కడా లేదు. అది పట్టుకుని మళ్ళీ మా బ్యాంకుకు వెళ్ళాను. మేనేజరు ఈసారి కూర్చోమన్నాడు. "బాకీ పోయింది కానీ ఆ కంపెనీ వేసే మార్కులు తగ్గాయమ్మా. తక్కువ టైములో మూడు బ్యాంకుల్లో అడిగారు కదా, అలా అడిగితే తగ్గుతాయి" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఏడుపు కూడా రాని నవ్వు. అప్పటికి దసరా వెళ్ళిపోయింది. కరీంనగర్ వ్యాపారి వేరేవాళ్ళను చూసుకున్నాడు. చెవుల కమ్మలు కుదువపెట్టి రెండు పాత మిషన్లు కొన్నాను. పెగడపల్లి ఆమెకు ఆ ఏడాది చివర లోను వచ్చిందని ఫోన్ చేసి చెప్పింది. ఈ గొడవ మొత్తంలో నేను విన్న మంచి మాట అదొక్కటే.

తమ్ముడు ఆ రోజు షాపులో నేనన్న మాట మళ్ళీ ఎత్తలేదు. ఇప్పటికీ నా కాగితాల పనులన్నీ వాడే చూస్తాడు. కానీ సంతకం పెట్టమనే ముందు ప్రతి పేజీ పైనుంచి కింది దాకా బిగ్గరగా చదివి వినిపిస్తాడు. "వద్దురా, నాకు తెల్వదా" అంటే ఆగడు. "ఇను అక్కా, ఇన్నంక పెట్టు" అంటాడు. కోపంగా కాదు, మామూలుగానే అంటాడు. బొంబాయి కంపెనీ మీద, జగిత్యాల ఆఫీసరు మీద నాకున్న రోత కాలంతో కొంత పలచబడింది. వాడు అలా చదువుతుంటే తల దించుకుని వింటాను చూడండి, అప్పుడు నామీద నాకు కలిగే రోత మాత్రం కొంచెమైనా తగ్గలేదు.